మా భాషలో పేను, వాళ్ల భాషలో నక్క

ఆ శుక్రవారం మధ్యాహ్నం గ్రేస్ నా తలలో పాపిడి తీస్తూ తీస్తూ ఆగిపోయింది. తోకదువ్వెన పక్కన పెట్టి వేళ్లతో తడిమింది.

"అక్కా, ఇక్కడ ఏమీ లేదు" అంది చివరికి.

"నా తలలో ఏమీ లేదని మా వీధి పంతులు చిన్నప్పుడే చెప్పాడులే" అన్నాను. ఆమె నవ్వలేదు. నా వేలు పట్టుకుని చెవి వెనక పెట్టింది. రూపాయి బిళ్లంత మేర చర్మం గాజులా నున్నగా తగిలింది.

గ్రేస్ కెన్యా పిల్ల. ఈ అరబ్బు దేశంలో, ఫర్వానియా వైపు, ఒకే ఇంట్లో మా ఇద్దరికీ పని. ఆమె పిల్లల్ని చూసుకుంటుంది, నేను వంట చేస్తాను. పక్కింట్లో పనిచేసే ఫాతు సియెర్రా లియోన్ నుంచి వచ్చింది. ముగ్గురికీ కలిసిన భాష వంటింటి అరబ్బీ, ముక్కల ఇంగ్లీషు. వాళ్లకు నేను నేర్పిన ఒకే తెలుగు మాట 'అక్కా'.

సెలవు దొరికిన శుక్రవారాలు ఫాతు డాబా మీది మా గదికి వచ్చేది. ఒకరు మంచం మీద, ఇంకొకరు నేల మీద, మోకాళ్ల మధ్య తల. జుట్టు మీద నీళ్లు చిలకరించి, వాళ్ల వైపు దొరికే షియా గింజల వెన్న పట్టించి, చిక్కు తీసి, కొనుక్కొచ్చిన సవరం పాయలు కలిపి సన్న జడలు అల్లేవారు. ఊడిపోకుండా జడల కొసలు వేడినీళ్లలో ముంచేవారు. ఒక తల పూర్తయ్యేసరికి పొద్దు వాలేది. ఆ సేపంతా మామాల మీద, అంటే మా యజమానురాళ్ల మీద, చాడీలు, పాటలు, ఏడుపులు. ఫాతు వాళ్లమ్మ పోయిందని కబురొచ్చిన వారం గ్రేస్ ఆమె జడలన్నీ విప్పి, తల కడిగి, మళ్లీ అల్లింది. జుట్టు అన్న మాటలో మొదటి కొమ్ము తీసేస్తే మిగిలేది జట్టేనని నాకు ఆ రోజు తెలిసింది. పాయలు అందించే పని నాది. "నాకూ వెయ్యండే" అని సరదాకు కూర్చున్న రోజే నా బోడి మచ్చ బయటపడింది.

రాయచోటిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను.

"అదేం లేదుమే, పేనుకొరుకుడు. ఎర్రగడ్డ కోసి రుద్దు, మళ్ల మొలుస్తాది."

ఉల్లిపాయ కోసి రుద్దాను. కళ్లలో నీళ్లు వచ్చాయి గానీ తలలో వెంట్రుక రాలేదు. మచ్చ పక్కన మచ్చ లేచి, రెండూ కలిసిపోయాయి. దువ్వితే భయం, దువ్వకపోతే ఇంకా భయం. వంట చేస్తూ కూడా స్కార్ఫ్ తీసేదాన్ని కాదు.

ఒక పొద్దున స్కార్ఫ్ జారి మామా చూసింది. ఏమైందని అడిగింది. ఈ జబ్బుకు మా ఊళ్లో ఉన్న పేరునే నాకు వచ్చిన అరబ్బీలోకి మార్చి చెప్పాను: "గమల్, మామా. వెంట్రుక తింటుంది." గమల్ అంటే పేను.

మామా ముఖం పాలిపోయింది. "నా ఇంట్లో గమలా? గ్రేస్ నీ తల ముట్టుకుంటుంది, రాత్రి నా పాప పక్కన పడుకుంటుంది!"

"లా, మామా, లా! పేను కాదు, పేరు!" అన్నాను. తెలుగులో ఒక్క అక్షరం తేడా. అరబ్బీలో ఆ తేడా చెప్పడం నాకు రాలేదు.

గ్రేస్ జడలు ముందు శుక్రవారం వేసినవే. "విప్పేస్తాను మామా, సాయంత్రానికల్లా విప్పేస్తాను" అని బతిమాలింది. "ఖలాస్! ఇక చాలు!" అని మామా కత్తెర తెచ్చింది. మామా చెడ్డ మనిషి కాదు, భయపడ్డ తల్లి. భయానికి సవరమేదో సొంత జుట్టేదో తెలియలేదు. గ్రేస్ జడలన్నీ మొదలంటా కత్తిరించేసింది. గ్రేస్ కుర్చీలో కదలకుండా కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు మామా నన్ను క్లినిక్‌కు తీసుకెళ్లింది. డాక్టరమ్మ లైటు పెట్టి చూసి నాకు ఇంగ్లీషులో చెప్పింది: "No lice. Alopecia areata. Autoimmune. Not contagious." పేలు లేవు, అంటుకోదు, ఒంటి కాపలాయే జుట్టు మీద తిరగబడిందట. మామాకు అరబ్బీలో చెప్పింది: "థాలబా." మామా కళ్లు మూసుకుంది. కారులో చెప్పింది, ఆ పేరు నక్క నుంచి వచ్చిందట. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు మన దగ్గర. నా విషయంలో నక్కే నా తల తొక్కింది.

మామా గ్రేస్‌కు పట్టు స్కార్ఫ్ కొనిచ్చింది. "షుక్రన్, మామా" అని థాంక్స్ చెప్పి గ్రేస్ మడత విప్పకుండా పెట్టెలో పెట్టేసింది.

నాకు CBC, thyroid, vitamin D అన్నీ చేశారు. నెలకోసారి తలలో steroid injections. "Small pinch" అంటుంది నర్సు, ఆ తర్వాత తేలు కుట్టినట్టుంటుంది. నూగు మొలిచిందని సంబరపడ్డ నెలలోనే ఎడమ కనుబొమ రాలిపోయింది. "It can come back. I cannot promise" అంది డాక్టరమ్మ. జుట్టు లాగి బిగించే జడలు వద్దంది.

"నన్ను ఒక్కసారి తిట్టవే" అని గ్రేస్‌ను అడిగాను.

"కత్తెర నీ చేతిలో లేదు కదా అక్కా" అంది. "కానీ ఈ ఇంట్లో ఉన్నంతకాలం జడలు వేసుకోను."

ఇప్పుడు నా తల మీద రెండు చోట్ల తెల్లటి నూగు ఉంది. కనుబొమ పెన్సిల్‌తో గీసుకుంటాను, తొందరలో గీస్తే రోజంతా ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తాను. గ్రేస్ జుట్టు అల్లడానికి సరిపడా పెరిగింది. శుక్రవారాలు ఫాతు వస్తూనే ఉంది. గ్రేస్ చేత తన తల అల్లించుకుని, మంచం మీదికెక్కి, మోకాళ్లు ఎడం చేసి, "యల్లా, రా గ్రేస్" అంటుంది. గ్రేస్ "లా" అంటుంది. ఆ ఖాళీ చోట్లోకి ఫాతు నన్ను లాక్కుని బోడి మచ్చల మీద మెత్తగా నూనె రాస్తుంది. గ్రేస్ కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది.

పరాయి దేశంలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. ఏ జబ్బు వచ్చినా దాని ఊరి పేరును మీకు మీరే మార్చి యజమానికి చెప్పకండి. ముందు డాక్టరుకు చూపించండి. అంటుతుందో అంటదో డాక్టరు చేతే, వాళ్ల భాషలోనే, ఫోన్లోనైనా సరే, వాళ్లకు చెప్పించండి. మాట తప్పుగా చేరితే కత్తెర మీ తలతో ఆగదు.