లిఫ్టు ఆపేసిన మా మేనకోడలు
“మూడేళ్లు తగలేశావు. ఈ వజ్రం ముక్క పనికిరాదు, పారెయ్” అన్నాడు పెద్దసారు.

“లోపం రాయిలో లేదు సార్, గోడవతల లిఫ్టులో ఉంది” అంది మా మేనకోడలు.

ఆ ల్యాబు ఊడ్చేది నేనే కాబట్టి అంతా చూశాను. నాకర్థమైనంతవరకు, ఆ వజ్రంలో అణువంత ఖాళీ ఉంది. అందులో ఎలక్ట్రాను బొంగరంలా తిరుగుతూ లెక్కలు గుర్తుపెట్టుకుంటుందట. పక్కన లిఫ్టు ఇనుము కదిలితే చాలు, అయస్కాంతపు లాగుడు మారి అన్నీ మరిచిపోతుందట.

“నువ్వా నాకు చెప్పేది?” అన్నాడాయన.

పిల్ల వెళ్లి లిఫ్టు ఆపేసి వచ్చింది. తెరమీద దాని జ్ఞాపకాన్ని చూపే గీత ఈసారి పదింతలసేపు నిలిచింది.

కొలతలన్నీ పూర్తికావడానికి వారం కావాలి.

“అత్తా, నీ నోటికి అందరూ జడుస్తారుగా. ఈ వారం లిఫ్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చో. పెద్దసారొచ్చినా సరే, మెట్లెక్కించు” అని కోరింది.