వదిలేసిన కుళాయి

కుళాయి డాక్టరుగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎక్కడైనా కుళాయి కారుతుంటే కట్టందే ఆయనకి ఊపిరాడదు. ఓసారి విందుకెళ్ళి, చెయ్యి కడుక్కోబోయి, జేబులోంచి పానా తీసి, ముప్పావుగంట కుస్తీపట్టి, అందరి భోజనాలూ అయ్యాక తడిసి ముద్దై బయటికొచ్చారు.

ఆస్పత్రిలోనూ ఆయన పని అదే. మెడలోనో తలలోనో గడ్డ ఉన్నవాళ్ళకి, ఆపరేషన్‌కి ముందురోజు, తొడ దగ్గరి రక్తనాళంలోంచి దారంలాంటి గొట్టం పైకి పంపి, గడ్డకి రక్తం మోసే నాళాల్ని రవ్వలాంటి సన్నటి పలుకులతో మూసేస్తారు. మర్నాడు సర్జను కోసేసరికి గడ్డ పాలిపోయి ఉంటుంది. "కుళాయిలు కట్టేశానండీ" అన్నదే ఆయన ప్రతి రిపోర్టుకీ మొదటి వాక్యం.

గొంతు సర్జనుగారికి సరిగ్గా అక్కడే ఒళ్ళు మండేది. ఇరవయ్యేళ్ళు నెత్తుట్లో చేతులు పెట్టి గడ్డలు తీసిన మనిషాయన. ఇప్పుడు ఆరుగంటలు నిలబడి ఆపరేషన్ చేసి బయటికొస్తే, "చుక్క నెత్తురు పోలేదటగా! అంతా కుళాయి డాక్టరుగారి చలవ" అంటున్నారు జనం.

"ఆయనేం చేశాడు? గొట్టం దూర్చాడు. కోసింది నేను!" అని ఇంట్లో చిందులేశారు ఓ రోజు.

"ఆయనకి కుళాయి పిచ్చి, మీకు కుళ్ళు పిచ్చి," అంది భార్య. "మన వంటింటి కుళాయి బాగుచేసిందీ ఆయనే."

"మనింటికెప్పుడొచ్చాడు?"

"మొన్న, మీరు స్నానం చేస్తుండగా. ఒంటినిండా సబ్బుతో నీళ్ళాగిపోయాయని అరిచారే, అప్పుడే."

ఆ దెబ్బతో సర్జనుగారు ఆయన రిపోర్టులు మొదటి వాక్యం దాటి చదవడం మానేశారు.

అలాంటి రోజుల్లో, స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఆవిడ వచ్చింది, మెడలో నిమ్మకాయంత గడ్డతో. "గొంతు మాత్రం పోనివ్వకండి డాక్టరుగారూ, నా ఉద్యోగమే అది," అని సర్జనుగారి చేతులు పట్టుకుంది. ఆయన సరేనన్నారు.

ఆపరేషన్ మధ్యలో, పొడిగా ఉండాల్సిన చోట నెత్తురు చిమ్మింది. సర్జనుగారి గుండె ఝల్లుమంది. మరుక్షణమే, చెప్పుకుంటే సిగ్గుచేటుగానీ, పట్టరాని సంతోషమూ వేసింది. "ఒకటి వదిలేశాడు! దొరికాడు మహానుభావుడు!" అంటూనే ఆ నాళాన్ని గడ్డ అంచున పట్టి కట్టేశారు. గడ్డ తీసేశారు. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించాల్సొచ్చింది.

బయట ఆవిడ అన్నయ్య కంగారుగా నిలబడున్నాడు. "రక్తం ఎందుకెక్కించారండీ?"

సర్జనుగారు నోరు తెరిచేలోగా, పక్కనే ఉన్న కుళాయి డాక్టరుగారు, "నావల్లేనండీ. ఒకటి వదిలేశాను. సర్జనుగారి చెయ్యి గనక సరిపోయింది," అన్నారు.

ఆహా! సర్జనుగారి కడుపు చల్లబడింది. ఇది కాగితం మీద కూడా ఉంటే పదికాలాలు దాచుకోవచ్చని రిపోర్టు తెప్పించి, ఈసారి చివరిదాకా చదివారు.

"కుళాయిలు కట్టేశానండీ. ఒక్కటి వదిలాను. గొంతు నరానికీ రక్తం ఇస్తున్నది అదే, కడితే ఆవిడకి మాట పోవచ్చు. మీకు నెత్తురు అడ్డం వస్తుంది, క్షమించాలి. నరం జోలికి పోకుండా గడ్డ అంచున కట్టే చెయ్యి ఇక్కడ మీకొక్కరికే ఉంది. రెండు బాటిళ్ళు సిద్ధంగా పెట్టించాను. ఎవరైనా ఏమన్నా అంటే నా మీదికి తోసెయ్యండి. నేను మాట పడ్డా ఫరవాలేదు, ఆవిడ మాట పోకూడదు."

సర్జనుగారు మళ్ళీ మొదటినుంచీ చదివారు. తర్వాత లేచి వెళ్ళి, "తప్పు ఆయనది కాదు, చదవకుండా కోసిన నాది" అని ఆ అన్నయ్యతో ఒప్పుకున్నారు.

మర్నాడు ఆవిడ నోరు విప్పింది. కాస్త బొంగురుగా ఉన్నా, గొంతు గొంతే.

"ఇప్పటికైనా ఆయన మీద మంట చల్లారిందా?" అనడిగింది భార్య.

"చల్లారడమా!" సర్జనుగారు తువ్వాలు విసిరికొట్టారు. "ఇన్నాళ్ళూ పనితనం చూసి ఏడిస్తే సరిపోయేది. ఇక మంచితనం చూసి కూడా ఏడవాలి. ఒక్కణ్ణి, ఎన్నిటికని ఏడవను?"