బెల్లు తర్వాత వస్తే బయట

కామేష్ మాస్టారు తన సి లాంగ్వేజీ క్లాసు నియమాలను కూడా ప్రోగ్రాములాగే బోర్డు పై మూలన రాసి, ఏడాదంతా చెరపనిచ్చేవారు కాదు. కాపీ కొడితే సున్నా. బెల్లు తర్వాత వస్తే బయట. సంగీతం వాళ్లింట్లో పుట్టి పెరిగిన అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేస్తూ వాటిని పిల్లలచేత చదివించేవారు. "కంప్యూటరుకి మొహమాటం లేదు, నాకూ లేదు," అంటూ సుద్దముక్క చెవి మీద దోపుకునేవారు. వాట్సాప్‌లో ఎన్ని దణ్ణాలొచ్చినా కరిగేవారు కాదు. ఓ సోమవారం కొత్తవలసలో ఆయనెక్కిన విజయనగరం పాసింజరు, గూడ్సుకి దారిచ్చి కంటకాపల్లిలో నిలబడిపోయింది. చెమటలు కక్కుతూ వచ్చేసరికి క్లాసు తలుపు మూసి ఉంది. "తియ్యండర్రా, నేను!" అన్నారు. కిటికీ దగ్గర కూర్చున్న రాణి, చేపలమ్మే ఇంటి పిల్ల, బోర్డు వైపు చెయ్యి చూపించింది. "మాస్టారైతే లోపలికని మీరు రాయనేదు కదా సార్. రాయంది కంప్యూటరు సెయ్యదని మీరే సెప్పినారు." కోపం రావాల్సిన చోట, పాఠం బుర్రకెక్కిందన్న గర్వం అడ్డొచ్చింది. ఆ గంటంతా వరండాలోనే నిలబడి, కిటికీ ఊచలు పట్టుకుని పాఠం చెప్పారు. మర్నాడు బోర్డు మీద ఇంకో వరస చేర్చారు: రైలు లేటైతే లోపలికి. ఆ మర్నాడు కాలేజీ గోడ పక్కనే ఉన్న హాస్టలు పిల్లలంతా తీరిగ్గా ఇడ్లీలు తినొచ్చి, "రైలు లేటండి సార్," అన్నారు.