రాయి కాదని చెప్పినందుకు మెమో

1979లో నన్ను అంబాజీపేట చేరువలోని ఒక చిన్న ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా వేశారు. పైన ఒక మెడికల్ ఆఫీసరు, కింద నేను, ఒక ఆయా. కాకినాడలో పెద్ద ఆపరేషన్లు చేయించుకుని వచ్చినవాళ్ళకు కట్లు మార్చడం, గొట్టాలు శుభ్రం చేయడం, తర్వాతి జాగ్రత్తలు చెప్పడం నా పని. ఆ పనిలోనే రామ్మూర్తిగారు నాకు తెలిశారు. ఆయన కురిడీ కొబ్బరి, అంటే కాయలోనే ఎండిన కొబ్బరి, అమ్మే వ్యాపారి. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది.

ఆయనకు మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు. నొప్పి లేకుండా రక్తం పడితేనే మేము ఎక్కువ భయపడతాం. కాకినాడలో సిస్టోస్కోపు, అంటే మూత్రం వచ్చే దారిలోంచి పంపి లోపల చూసే సన్నటి గొట్టం, పెట్టి చూస్తే మూత్రాశయం గోడమీద కంతి కనిపించింది. ఆ దారినే దాన్ని గోకి తీశారు. పరీక్షలో క్యాన్సరని తేలింది. ఈ జబ్బు తీసిన చోటో, పక్కనో మళ్ళీ మొలుస్తుంది. అందుకే మూడు నెలలకోసారి గొట్టం పెట్టి చూడాలి. చిన్నగా ఉన్నప్పుడే గోకేస్తే మూత్రాశయం దక్కుతుంది. ఆలస్యమైతే మూత్రాశయమే తీసేయాలి, ఒక్కోసారి మనిషే దక్కడు.

ఇదంతా ఆయన తమ్ముడు సూర్యంగారికి తెలుసు. భార్యకు, అల్లుడికి, కొట్లో గుమాస్తాకు కూడా తెలుసు. తెలియనిది రామ్మూర్తిగారొక్కరికే. సూర్యంగారు ముందుగానే నా దగ్గరకు వచ్చి, "సిస్టరుగారండీ, అన్నయ్యకి రాయి తీసేరని చెప్పేమండి. ఆ పేరు వింటే గుండాగిపోతాడండి. మీరూ అదే మాట మీదుండాలండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి మెడికల్ ఆఫీసరుగారికి చెప్పాను. రోగం పేరు చెప్పే అధికారం నర్సుకు లేదని, ఇంటివాళ్ళు వద్దన్నాక మనకెందుకని అన్నారాయన. ఆయన దృష్టిలో అది మర్యాద.

రాయి తీయించుకున్నవాళ్ళు దాన్ని సీసాలో వేయించుకుని ఇంటికి తెచ్చుకోవడం మా వైపు మామూలే. రామ్మూర్తిగారు కూడా తన రాయి ఏదని అడిగారట. సూర్యంగారు పి.గన్నవరం దగ్గర గోదావరి ఇసుకలో ఒక గులకరాయి ఏరి, సీసాలో వేసి ఇచ్చారు. కొబ్బరి కొట్లో కాటా పక్కన బల్లమీద పెట్టుకుని, రామ్మూర్తిగారు దాన్ని లారీ డ్రైవర్లతో సహా వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నాకూ చూపించారు. మూత్రాశయంలో పెరిగిన రాయి అంత నున్నగా ఉండదు. "ఇంత రాయినండీ, ఇన్నాళ్ళూ మోసేను!" అని ఆయన మురిసిపోతుంటే, తమ్ముడు నావైపు చూసి నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

మూడు నెలలు కావస్తుంటే చెకప్‌కు వెళ్ళమన్నాను. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి నది దాటి, యానాం మీదుగా కాకినాడ వెళ్ళి, మళ్ళీ ఆ గొట్టం పెట్టించుకోవాలి. ఆ బాధ ఆయనకు గుర్తుంది. "రాయి సీసాలో ఉంది కదండీ, ఇంకా లోపలేం చూస్తారండీ?" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? తమ్ముణ్ణి నిలదీస్తే, "ఆయ్, ఎలాగోలా నచ్చజెప్తానండి" అన్నారు. అంత అబద్ధం చెప్పాక ఇంక ఏం చెప్పి పంపిస్తారు?

ఆ చెకప్పూ పోయింది, తర్వాతిదీ పోయింది. వర్షాకాలంలో ఒకరోజు రామ్మూర్తిగారిని రిక్షాలో తెచ్చారు. మూత్రం ఆగిపోయింది, పొత్తికడుపు ఉబ్బిపోయింది. లోపల రక్తం గడ్డకట్టి దారి మూసేసింది. గొట్టం వేసి, సెలైన్‌తో కడిగి ఆ గడ్డలన్నీ లాగేశాను. ప్రాణం కుదుటపడ్డాక ఆయన, "మళ్ళీ రాయి పడిందండి. కొన్నాళ్ళబట్టీ ఎరుపు కనబడతానే ఉందండి. కరిగిపోద్దని అరటిదవ్వ రసం తాగుతున్నానండి" అన్నారు. రాయికి అరటిదవ్వ రసం ఇంటింటా తెలిసిన వైద్యం. ఇంటివాళ్ళు ఏ రోగం చెప్పారో ఆయన దానికే మందు తాగారు.

మంచం పక్కన సూర్యంగారు, మెడికల్ ఆఫీసరుగారు నిలబడి ఉన్నారు. నేను చెప్పేశాను.

"అది రాయి కాదండీ. మొదట్నుంచీ క్యాన్సరే. రేపే కాకినాడ వెళ్ళండి."

ఆయన గుండె ఆగలేదు. "మా ఆవిడకి తెలుసాండీ?" అని అడిగారు. తెలుసన్నాను. "గుమాస్తాకి?" అన్నారు. తల ఊపాను. అప్పుడు తమ్ముడి వైపు తిరిగి, "నా రోగం ఊరందరికీ తెలియొచ్చు, నాకు మాత్రం తెలీకూడదట్రా? ఆ సీసా నువ్వే పట్టికెళ్ళి మీ ఇంట్లో పెట్టుకో" అన్నారు.

పరిధి దాటినందుకు నాకు మెమో ఇచ్చారు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు కాబట్టి నేను చెప్పానని సంజాయిషీ రాసిచ్చాను.

కాకినాడలో మూత్రాశయం తీసేశారు. చిన్నపేగు ముక్కతో మూత్రానికి పొట్టమీదకు దారి చేసి, బెల్టుతో కట్టుకునే రబ్బరు సంచి ఇచ్చారు. దాన్ని నిండకముందే వంచేయడం, సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టడం నేను నేర్పాను. చర్మం ఒరుసుకుపోయిందని ఆయన కొబ్బరినూనె పట్టించేవారు. నూనెకు సంచి జారి పంచె తడిసిపోయేది. అది మాన్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చుట్ట మాత్రం తనంతట తానే మానేశారు. కొట్లోకి వచ్చి ముక్కు మూసుకున్నవాళ్ళతో, "క్యాన్సరండీ, అంటుకోదండీ, ముక్కొదిలెయ్యండి" అని మొహంమీదే అనేవారు. చెకప్‌లకు ఎవరూ చెప్పకుండానే పంటెక్కి వెళ్ళేవారు. తమ్ముడితో మాత్రం మాట కలపలేదు. కలపమని నేనూ అడగలేదు.

కొన్నేళ్ళకు సూర్యంగారే కడుపునొప్పితో మా ఆసుపత్రికి వచ్చారు. డాక్టరుగారు ఆయన కొడుకును పక్కకు పిలవబోతే, మంచంమీద లేచి కూర్చుని, "వాడికి కాదండీ, ఏదున్నా నాకు చెప్పండి" అన్నారు. తీరా చూస్తే అది అల్సరు.

రోగికి చెప్పకండని బతిమాలినవాళ్ళను నా సర్వీసంతా చూస్తూనే ఉన్నాను. తమ వంతు వచ్చినప్పుడు నాకు చెప్పకండని అడిగినవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.