మావ పోసిన ఆయిల్

మా బావమరిది కారు ఇంజన్ పట్టేసిన రోజున, "నేనుండగా నీకేం భయంరా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆమదాలవలస స్టేషన్‌కి దగ్గర్లో నాకో మెకానిక్ షెడ్డు ఉంది. బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. పొద్దున్న రైలు దిగిన యాత్రికులను శ్రీకూర్మం తీసుకెళ్ళి, దర్శనం అయ్యాక తిరిగి దింపడం వాడి పని. వాడి ఇల్లు ఆ కారు మీదే నడుస్తోంది. అది ఆగిపోతే వాడికి మిగిలేది గుజరాత్ ప్రయాణం ఒక్కటే. మా వైపు కుర్రాళ్ళు చాలామంది అక్కడి బోట్ల మీద నెలల తరబడి వేటకి వెళ్తారు. వాడూ ఒకసారి వెళ్ళొచ్చాడు. అక్కడున్నప్పుడే ఇక్కడ కూతురు పుట్టింది. పిల్ల తండ్రిని చూసి ఏడ్చిందని, మళ్ళీ వెళ్ళనని భార్యకి మాటిచ్చి ఈ కారు కొన్నాడు.

విశాఖపట్నంలో పాత ఇంజన్లు అమ్మే దుకాణం నుంచి అదే రకం ఇంజన్ తెచ్చి బిగించాను. అన్నీ కలిపి, ఇక ఆయిల్ పోసి స్టార్ట్ చేద్దామనుకుంటున్న పూట మా మావ, అంటే వాడి నాన్న, వచ్చాడు.

మావది భావనపాడు. బతుకంతా సముద్రం మీదే. పడవకి వేరే ఇంజన్ బిగిస్తే మొదటి ఆయిల్ ఇంటిపెద్ద చేత్తో పోయించడం వాళ్ళింటి పద్ధతి. కొడుకు కారుకి మాత్రం ఎందుకుండకూడదనుకున్నాడో ఏమో, టెక్కలిలో బస్సు మారి, ఆయిల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. అది పడవ ఇంజన్లో పోసే చిక్కటి ఆయిల్. తన పడవ కోసం కొనుక్కున్న వాటిలో మంచి డబ్బా ఏరి తెచ్చాడు.

ఈ ఇంజన్‌కి అది పనికిరాదు. బండి వేగాన్ని బట్టి వాల్వులు ముందుగానో ఆలస్యంగానో తెరుచుకునే ఏర్పాటు ఇందులో ఉంటుంది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును కాస్త ముందుకీ వెనక్కీ తిప్పేది ఆయిల్ ఒత్తిడే. ఆ ఆయిల్ సన్నటి దారుల్లోంచి, ఒక చిన్న కరెంటు వాల్వులోంచి పోవాలి. చిక్కటిదైతే సమయానికి అందదు, టైమింగ్ తప్పుతుంది. ఇదంతా నాకు తెలుసు. పల్చటి ఆయిల్ కొని పక్కన పెట్టుకున్నవాడినే నేను. మావ మూత తిప్పుతుంటే ఆ డబ్బాలను కాలితో టైర్ల వెనక్కి తోశాను.

ఎందుకంటే మా మావ నాకు మావ మాత్రమే కాదు. నేనూ చేపలు పట్టే ఇంట్లోనే పుట్టాను, కానీ పడవెక్కితే వాంతులు. సముద్రం పడని మగాడికి పిల్లనెవడిస్తాడని మా ఊళ్ళో నన్ను ఆటపట్టించని వాళ్ళు లేరు. "వాంతులైతే ఏటి, సేతిలో పనుంది" అని పిల్లనిచ్చింది ఆయనే. అలాంటి మనిషి రెండు చేతులతో డబ్బా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ పోస్తుంటే, ఆగు మావా అనడానికి నాకు నోరు రాలేదు. మొదటి సర్వీసులో మార్చేద్దాంలే అని సరిపెట్టుకున్నాను.

స్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా పలికింది. మావ నా భుజం తట్టి వెళ్ళాడు.

ఆ వారంలోనే బండి షెడ్డుకి తిరిగొచ్చింది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ముందు వైపు టకటకమంటోందట, ఎత్తు ఎక్కలేకపోతోందట, ఇంజన్ లైటు వెలిగి ఆరడం లేదట. స్కానర్ పెడితే వాల్వ్ టైమింగ్ తేడా అని చూపించింది. నాకు తెలిసిన కారణం నా ముందే ఉంది. అయినా నేను వైర్లు చూశాను. సెన్సర్ మార్చాను. పట్టేసిన పాత ఇంజన్ మీదున్న కరెంటు వాల్వు తీసి కడిగి దీనికి పెట్టాను. సాయంత్రం బండి వేడెక్కాక తిప్పి చూస్తే బాగానే ఉండేది. వేడికి ఆయిల్ పల్చబడితే బాగుండక ఏం చేస్తుంది? "అయిపోయిందిరా, పట్టుకుపో" అనేవాణ్ణి. మర్నాడు యాత్రికులను ఎక్కించుకోగానే మళ్ళీ మొదలు.

నాకంటే నా కోపం ముందు పుట్టిందని మా ఆవిడ అంటుంది. తప్పు నాదైనప్పుడు ఆ కోపం మరీ పెద్దగా అరుస్తుంది. ఇంజన్ అమ్మినవాడికి ఫోన్ చేసి, చెత్త అంటగట్టావని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, ఆయన ఓపిగ్గా "ఆయిల్ ఏటి పోసినారు సార్?" అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను. ఆ కోపంలోనే ఇంజన్ ముందు మూత విప్పి, చెయిన్ గుర్తులు సరిచూశాను. పళ్ళచక్రం మీద చెయిన్ ఒక్క పన్ను కూడా తప్పలేదు. తప్పి ఉంటే బాగుండునని కోరుకున్న మెకానిక్‌ని నేనొక్కడినే అయ్యుంటాను.

ఆయిల్ మార్చాలంటే బావమరిది పక్కనే ఉండేవాడు. మా నాన్న చేతి ఆయిల్ అని టాక్సీ స్టాండులో అందరికీ చెప్పుకున్నాడు వాడు. మారిస్తే మావకి తెలుస్తుంది. పైగా ఇన్నాళ్ళూ ఎందుకు మార్చలేదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకని ఊరుకున్నాను. ఊరుకున్నకొద్దీ జవాబు ఇంకా కష్టమైంది.

చివరికి నాగావళి వంతెన మీద, యాత్రికులతో ఉండగా బండి లాగడం మానేసింది. వాళ్ళు దిగి ఆటో ఎక్కి పోయారు. స్టాండులో ఆ కారు ఎక్కొద్దని మాట పడిపోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. బండి నా షెడ్డులో పెట్టి, "గుజరాత్ ఎల్తన్నాను బావా. రేపు బేరగాడు వస్తాడు, బండి సూపించీ" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే తిరిగి అరిచేవాణ్ణి. ఆ నెమ్మదితనానికి ఏం చెయ్యాలో తోచలేదు.

వాడు అటు వెళ్ళగానే ఆయిల్ దించేశాను. ఫిల్టరు మార్చి పల్చటిది పోశాను. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు, లైటు లేదు. గంట కూడా పట్టని పని అది.

కాసేపటికి వాడొచ్చాడు, కొడుకుని సాగనంపడానికి వచ్చిన మావని వెంటబెట్టుకుని. మావకి టీ చెప్పించి, "బండి బాగయిపోయింది. అమ్మకు" అన్నాను.

"పతీసారీ ఇదే మాట సెప్పినావు బావా," అన్నాడు వాడు. "ఇప్పుడెందుకు నమ్మాల? ఏటి సేసినావు?"

కరెంటు వాల్వు మార్చానని చెబుదామని నోరు తెరిచాను. అది ముందే ఒకసారి చెప్పేశాను. వాడు నమ్మడు, గుజరాత్ వెళ్తాడు. బల్ల మీద మావ టీ ఊదుకుంటున్నాడు.

"ఆయిల్ మార్చాన్రా," అన్నాను.

మావ గ్లాసు దించాడు. "నాను పోసిందా?"

"అది పడవకి మంచిదే మావా. దీనికి సిక్కనైపోయింది. పల్సటిది గావాల."

ఆయన బండి వైపు తిరిగాడు. "నాకేటి తెల్సు, పడవోడిని," అన్నాడు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగి, "నాను పోసినపుడు నీకు తెల్సా?" అన్నాడు.

"తెల్సు మావా."

"మరి నోట్లో ఏటున్నాది?"

"నీ మొగం సూసి సెప్పనేకపోనాను."

"నా మొగం సూసినావు. ఆడి పెళ్ళాం మొగం, పిల్ల మొగం నీకు కనపడనేదు." గొంతు పెద్దది చెయ్యలేదు. "పడవలోకి నీరొస్తంటే పెద్దోడున్నాడని ఎవుడైనా నోర్మూసుకుంటాడేట్రా? సెప్తే నానేటి సచ్చిపోతానా? నువ్విచ్చిన డబ్బాయే పోద్దును."

బావమరిది తల వంచుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూడలేక నేను పానాలు సర్దడం మొదలుపెట్టాను. ఒకటి చేజారి కింద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

మావ లేచి, "ఆ బేరగాడికి ఫోన్ సెయ్యిరా. బండి అమ్మట్నేదని సెప్పు," అన్నాడు కొడుకుతో. ఇద్దరూ కారెక్కారు. బండి షెడ్డులోంచి రోడ్డెక్కి, ఎదుటి ఎత్తు ఒక్క ఊపులో ఎక్కేసింది. టకటక లేదు. నేను గుమ్మంలో నిలబడి చెవి రిక్కించి విన్నాను, నాకు సంతోషం కూడా వేసింది. మావ నాకు వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళాడని, కారు కనుమరుగయ్యాక గానీ నాకు తట్టలేదు.