దాలమ్మప్ప చెయ్యి

ఏడేళ్ళుగా ఇది లోపల మోస్తున్నాను. మా చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ముందు లేచేది నేనే. తోటికోడలి మీద చాడీలు చెప్పానని, ప్రార్థన మానేసి సీరియల్ చూశానని అందరి ముందూ ఒప్పుకున్నాను. స్తోత్రం అన్నారు. ఈ ఒక్కటి మాత్రం గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇప్పుడు నోరు పెగులుతోందేమో.

మా వీధి చివర, సముద్రం వైపు, దాలమ్మప్ప ఉండేది. నాకు చుట్టం కాదు, వయసులో పెద్దదని అప్ప అనేదాన్ని. వాళ్ళాయన సముద్రం మీద వేటకెళ్ళేవాడు. ఆమె టెక్కలి దగ్గర ఒక నర్సరీలో చాలాకాలం కూలిపని చేసి, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రాసి కొత్త రంగు పుట్టించడం అక్కడే నేర్చుకుంది. కిడ్నీలు పాడయ్యాక పని మానేసింది గానీ ఆ పిచ్చి మానలేదు. చేపల థర్మాకోల్ పెట్టెల్లో ఇసుకమట్టి పోసి వాన లిల్లీ దుంపలు పెంచేది. వాన పడ్డాక పూసి, ఒకట్రెండు రోజుల్లో వాడిపోతాయి ఆ పూలు.

ఆమె హస్తవాసి మంచిదని ఊరంతా నమ్మేవారు. ఎవరు తోట వేసినా మొదటి మొక్క ఆమె చేత పెట్టించేవారు. మా కొబ్బరితోటలోనూ మా ఆయన ఆమెనే పిలిచాడు. నేను పక్కనే గునపం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా చేతికేమైంది అని ఆయన్ని అడగలేదు. కానీ మర్చిపోనూ లేదు.

ఆమెకు ఒకటే ఆశ. పసుపూ ఎరుపూ కలిసిన జీడిపండు రంగు పువ్వు చూడాలి. దానికి చిన్న పసుపు లిల్లీని తల్లిగా, పెద్ద గులాబీ రంగు లిల్లీని తండ్రిగా ఎంచుకుంది. పసుపు మొగ్గ విచ్చుకోకముందే దాని పుప్పొడి తిత్తులు గిల్లేయాలి. లేకపోతే తన పొడి తనకే అంటుకుని గింజ కడుతుంది. తర్వాత గులాబీ పువ్వు పుప్పొడి రాసి, కాడకు నీలం వల దారం కట్టాలి. నీలం దారం ఉంటే తండ్రెవరో తెలిసిన గింజ అని ఆమె గుర్తు.

ఆ ఏడు మొగ్గ విచ్చుకునే రోజు, ఆమె డయాలసిస్ రోజు ఒకటే అయ్యాయి. మొదటి బస్సుకే పలాస వెళ్ళాలి. ముందురోజే గులాబీ పువ్వు నుంచి పుప్పొడి తీసి, మందుల చీటీలో మడిచి నా చేతిలో పెట్టింది.

"తెల్లారకముందే ఎల్లాలమ్మీ. పువ్వు తెరుసుకున్నాక మరేటీ సెయ్యలేం. మళ్ళీ వానకి నేనుంటానో నేదో."

నిద్ర పట్టేసిందని రాద్దామనుకున్నాను. అబద్ధం. మెలకువగానే ఉన్నాను. బస్సు హారన్ విన్నాను. ఈవిడ చెయ్యి ఒక్కసారి తప్పితే ఏమవుతుంది అనుకున్నాను. అలా అనుకున్నది నేనే, ఏ సాతానూ కాదు. టీ పెట్టుకుని తాగాను. ఎండెక్కాక వెళ్ళేసరికి పువ్వు పూర్తిగా విచ్చుకుని, తిత్తులు పగిలి, దాని పొడి దానికే అంటుకుని ఉంది. మందుల చీటీ విప్పనేలేదు. నీలం దారం మాత్రం కట్టాను. ఎందుకు కట్టాను? కట్టకుండా వదిలేస్తే బద్ధకం అనిపించుకునేదాన్ని, నాలుగు తిట్లు తినేదాన్ని, అక్కడితో పోయేది. ఆ ముడి వేయడానికి ఎంతసేపు పట్టిందని?

సాయంత్రం బస్సు దిగి, నీరసంగా గోడ పట్టుకుని అడిగింది. "సేసేవా?"

"సేసేనప్పా, నువ్వు సెప్పినట్టే."

ఆ గింజలు విడిగా ఒక పెట్టెలో వేసి, దానికీ గుర్తుగా నీలం దారం కట్టుకుంది. మొలిచాయి. తండ్రి మొక్కకు ఆకు మొదట్లో ఎరుపు ఉంటుంది. పిల్ల మొక్కకు ఆ ఎరుపు దిగితే తండ్రి వచ్చినట్టే. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన చేత్తో ఆమె రోజూ మట్టి పక్కకు తీసి చూసేది. అన్నీ ఆకుపచ్చే. అయినా పూసేదాకా ఆగుదాం అంది. రెండో ఏడు పూసింది. పసుపు పువ్వు. అచ్చం తల్లి.

నన్ను అనుమానించి ఉంటే బతికిపోయేదాన్ని. అనుమానించలేదు.

"నువ్వు బాగానే సేసేవు. పొడి తీసింది నేను కదా. ఇన్ని మందులు మింగిన ఒళ్ళు. నా సెయ్యి సచ్చిపోనాదమ్మీ."

నేను తల ఊపాను. ఊపాను!

ఆ తర్వాత ఆమె మొక్క ముట్టలేదు. తోటలు వేసేవాళ్ళు వచ్చి పిలిస్తే ఇంకెవర్నైనా సూసుకోండని పంపేసేది. ఆ నెలలోనే మా అమ్మాయి పురిటి బిడ్డను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టబోతే, రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. "నా సెయ్యి తగలనీకమ్మా," అని దూరం నుంచే చూసి నవ్వింది. నేను గుమ్మంలో ఉన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. మరుసటి ఏడు వానలకు ముందే పోయింది.

కాశీబుగ్గలో మొక్కలమ్మే ఆయన ఒకసారి చెప్పాడు, ఈ జాతి మొక్కలు వేరే పుప్పొడి రాసినా చాలాసార్లు తల్లిలాంటి పిల్లనే ఇస్తాయట. కొన్నాళ్ళు ఆ మాట పట్టుకుని వేలాడాను. నేను వెళ్ళినా పసుపే పూసేదేమో. కావచ్చు. వెళ్ళలేదు కాబట్టి అది ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ ఆమె చేతిలో తప్పు లేదని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.

ఆమె పెట్టెలు ఇప్పుడు మా పెరట్లో ఉన్నాయి. ఆమె దగ్గర నేర్చుకున్నదాన్నని మొదటి మొక్క పెట్టడానికి నన్ను పిలుస్తున్నారు. రెండుసార్లు వెళ్ళాను కూడా. ఇంక వెళ్ళను. మా అమ్మాయి కూతురు బడికెళ్తోంది. దానికి దాలమ్మప్ప ఎవరో తెలియదు.

మొన్న వాన పడింది. ఈ ఉదయం ఆ పిల్ల మొక్కల పెట్టె నిండా పసుపు పూలు. పెట్టెకు ఆమె కట్టుకున్న నీలం దారం ఇంకా ఉంటే కోసేశాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆ సాయంత్రం బస్సు దిగినప్పుడు ఆమెకు చెప్పాల్సిన మాట ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎల్లనేదప్పా. నీ సెయ్యి మంచిదే.