సగంలో లేచొచ్చిన పరీక్ష

ఈ ఉదయం మా ఆవిడ కొబ్బరినూనె సీసా ఎక్కడుందని అడిగింది. రెండేళ్లుగా ఆ మాట మా ఇంట్లో వినబడలేదు కనుక, వేలెడంత పెరిగిన కొత్త జుట్టుకు ఆమె అద్దం ముందు నిలబడి నూనె రాసుకుంటుంటే, నేను చదువుతున్న పేపరు మడిచి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. వైద్యం ఇంకా పూర్తి కాలేదు. మూడు వారాలకోసారి ఇంజెక్షను కోసం రాయపూర్ వెళ్లి వస్తూనే ఉన్నాం. అయినా మనసు మాత్రం కీమోలు మొదలైన ఆ ఏడాదికి, అందులోనూ ఒక్క పూటకు వెళ్లిపోయింది.

ఇరవై రెండేళ్ల వయసులో విజయనగరం నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో రైలుపట్టాలు సాగదీసే మిల్లులో మీటల ముందు కూర్చున్నవాణ్ణి. కాగిన ఇనుము రంగు చూసి దాని వేడి చెప్పగలనని కొంచెం గర్వం కూడా ఉండేది. ఆమెకు రొమ్ము కాన్సరని తేలిన రోజుల్లోనే ఆ మీటలు పోయి కంప్యూటర్ తెరలు వచ్చాయి. యాభై దాటినవాళ్లం శిక్షణ తీసుకుని పరీక్ష రాయాలన్నారు. తప్పినవాళ్లను దూరంగా ఉన్న ఇనుప ఖనిజం గనులకు పంపుతారని అందరూ చెప్పుకునేవారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, నేను వెళ్లిపోతే ఆమెను చూసేదెవరు? ఆ బెంగ ఆమెకు తెలియనివ్వకూడదని, రోజూ డ్యూటీకేనని చెప్పి శిక్షణకు వెళ్లేవాణ్ణి. కష్టం దాచడమే ప్రేమని మన తరానికి ఎవరు నేర్పారో గాని, అందరం బాగానే నేర్చుకున్నాం.

మూడో కీమో అయిన పదో రోజున పరీక్ష. జ్వరం వంద దాటితే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరు మరీ మరీ చెప్పి ఉన్నారు. ఆ ఉదయం ఆమె ఉప్మా డబ్బా చేతికిచ్చి, గుమ్మం దాకా వచ్చి పంపింది. ఫోన్లు బయట పెట్టించి మమ్మల్ని గదిలో కూర్చోబెట్టారు. సగం ప్రశ్నలు అయ్యాయో లేదో, శిక్షణ అధికారి నా భుజం తట్టి ఆఫీసు ఫోను దగ్గరకు తీసుకెళ్లారు. అవతల, మేముండే రిసాలిలో మా పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ ఆవిడ ఆయాసపడుతోంది.

"భయ్యా, దీదీ కో బహుత్ బుఖార్ హై. జల్దీ ఆయియే."

మా ఆవిడకు జ్వరం బాగా ఎక్కువగా ఉందట, వెంటనే రమ్మంటోంది. అధికారి చెడ్డవాడు కాదు. ఇప్పుడు లేచి వెళ్తే మళ్లీ రాయనివ్వరు, ఆలోచించుకోండని మెల్లగా అన్నారు. ఆలోచించడానికి ఏమీ లేదు గాని, జ్వరమన్న మాట విన్నాక కూడా నా కాళ్లు ఒక్క క్షణం కదలలేదు. ఆ క్షణానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంటికి వెళ్లి ఆమెను ఆటో ఎక్కించుకుని నెహ్రూ నగర్ ఆసుపత్రికి బయల్దేరితే, దారిలో సుపేలా బజారు దగ్గర బస్సులు అడ్డుపడి ఆటో నిలిచిపోయింది. దుప్పటి కప్పుకుని వణుకుతూనే ఆమె అడిగింది.

"పరీక్ష అయిపోయిందేటండీ?"

నేను ఆమె వైపు తిరిగాను.

"నీకెవరు చెప్పేరు?"

"పక్కింటావిడ వాళ్లాయనదీ మీ మిల్లే కదా. పొద్దున్న జ్వరం చూసుకుంటే నూటొకటి ఉంది. చెప్తే మీరు పరీక్షకు వెళ్తారేటి?"

తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ చేతకాక ఆటో అతన్ని పోనివ్వమని కసిరాను. తెల్లకణాలు దాదాపు అడుగంటాయని, మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే తమ చేతుల్లో ఉండేది కాదని ఆసుపత్రిలో చెప్పారు. ఆరు రోజులు మాస్కు కట్టుకుని ఆమె మంచం పక్కనే కూర్చున్నాను.

పరీక్ష తప్పినట్టే లెక్క. వైద్యం కాగితాలు జతచేసి అర్జీ పెట్టుకుంటే గనులకు పంపలేదు గాని, చేతి తొడుగులూ హెల్మెట్లూ ఇచ్చే స్టోరులో వేశారు. మొదటి వారమంతా మిల్లు వైపు తలెత్తి చూడలేకపోయాను. అయితే ఈసారి స్టోరులో వేసిన సంగతి ఆ రోజే ఆమెకు చెప్పాను. ఆమె ఓదార్చలేదు.

"షిఫ్టులు లేవు కదా, ఇకమీదట సాయంత్రం బెండకాయలు మీరు తరుగుదురు" అంది.

అప్పటినుంచి మా మధ్య దాపరికం లేదు, రిపోర్టులు ఇద్దరం కలిసే తెరుస్తున్నాం. కాని ఒకప్పుడు ఆమె బాగానే ఉన్నానంటే నమ్మేసి, హాయిగా షిఫ్టుకు వెళ్లిపోయేవాణ్ణి. ఆ నిశ్చింత పోయింది, తిరిగొస్తుందో లేదో తెలియదు. ఇప్పుడు బాగానే ఉన్నానన్న మాట వినగానే నా చెయ్యి ఆమె నుదుటి మీదకు వెళ్తుంది. ఆమె కూడా ఏమీ అనకుండా, నాకు నమ్మకం కుదిరేదాకా, కదలకుండా నిలబడుతుంది.